నాలుగు నిమిషాలు

పొద్దున్న ఆరింటికి తాళం తీసేసరికి కల్లియోసాల్మి ఈత కేంద్రం బయట ఎప్పుడూ అదే వరుస ఉంటుంది. అందరికంటే ముందు ఆర్నె. చంకలో చుట్టిన తువ్వాలు, చేతిలో నీలం రంగు నడుం బెల్టు. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఆ బెల్టు కట్టుకుని, నీళ్ళలో నిలువుగా తేలుతూ, ఈ చివర నుంచి ఆ చివరికి గంటసేపు పరుగెత్తుతాడు. తలుపు తెరుచుకోగానే చేతి గడియారాన్ని లైఫ్‌గార్డు తూవి ముఖం ముందు పెట్టి "ఒక నిమిషం లేటు" అంటాడు. "మీ గడియారం మీకంటే ముసలిది" అంటుంది తూవి. ఇద్దరూ నవ్వరు. ఆ ఊళ్ళో వేళాకోళానికి నవ్వితే దాని రుచి పోతుందని నమ్మకం.

నవంబరు రెండో సోమవారం కూడా ఆ మాటలు అయ్యాయి. తూవి మెడలో ఈల వేసుకుని కొలను చుట్టూ ఒకసారి తిరిగింది. తాళ్ళు బిగుతుగా ఉన్నాయో లేదో చూసింది, నీళ్ళలో వేడి ఎంతుందో రాసింది. చలికి కుడి మణికట్టు సలుపుతుంటే ఆ చెయ్యి జేబులో పెట్టుకుంది. యాభై తొమ్మిదేళ్ళకు ఏదో ఒకటి సలపకుండా ఎలా ఉంటుందని ఆ సంగతి పెద్దగా పట్టించుకోదు. పింఛనుకి ఇంకా నాలుగేళ్ళుంది.

ఆరు నలభైకి ఆర్నె లోతు వైపు ఆగాడు. బెల్టు వల్ల మునగలేదు. నిలబడి అలుపు తీర్చుకుంటున్నట్టే ఉన్నాడు. తల మాత్రం ముందుకు వాలి, ముక్కు నీళ్ళలో ఉంది.

తూవి ఈల ఊదింది, బట్టలతోనే దూకింది. అతన్ని వెల్లకిలా తిప్పి గట్టుకు లాక్కొచ్చింది. ఆ పూట టికెట్ల కిటికీ చూస్తున్న లైఫ్‌గార్డు సిర్కు పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి పలకల నేల మీదికి లాగారు. ఊపిరి లేదు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి, వెనక గేటు తీసి ఉంచు, షాక్ ఇచ్చే పెట్టె తీసుకురా అని తూవి చెప్పింది. గొంతు వణకలేదు. సిర్కు వెళ్ళిపోయింది. తూవి అతని నోట్లోకి ఊపిరి ఊది, ఛాతీ మధ్యలో అరచేయి ఆనించి, రెండో చెయ్యి దాని మీద వేసి నొక్కడం మొదలుపెట్టింది.

మొదటి ముప్ఫై బాగానే జరిగాయి. రెండో ముప్ఫైలో మణికట్టులో ఏదో మెలిపడ్డట్టయింది. మోచేతులు వాటంతటవే వంగాయి. మూడో ముప్ఫైకి తను నొక్కడం లేదని ఆమెకు తెలిసింది. చేతులు పైకీ కిందికీ కదులుతున్నాయి, లెక్క పైకి వినిపిస్తోంది, ఆర్నె ఛాతీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇంకొకరిని పిలవాలి. మెడలో సర్టిఫికెట్టు కార్డు వేలాడుతున్న మనిషి, ఒంటి మీద తువ్వాళ్ళు చుట్టుకుని నిలబడ్డ జనంలో ఎవరిని పిలుస్తుంది? లెక్కపెడుతూనే ఉంది.

అప్పుడు ఆడవాళ్ళ స్నానాల గదిలోంచి ఒక అమ్మాయి తడి కాళ్ళతో వచ్చింది. స్టేషను రూట్లో బస్సు నడిపే యొన్నా. రెండు క్షణాలు చూసింది.

"లేవండి, నేను చేస్తా" అంది.

తూవి పక్కకు జరిగింది. యొన్నా చేతులు నిటారుగా పెట్టి తన బరువంతా వేసింది. ఛాతీ లోపలికి దిగింది. పక్కటెముక ఒకటి విరిగిన చప్పుడు పలకల మీద అందరికీ వినిపించింది. ఒక ముసలాయన ముఖం తిప్పుకున్నాడు. తూవి తిప్పుకోలేదు. ఎంత లోతుకి దిగాలో చూస్తూ ఉండిపోయింది. గోడ గడియారంలో ఆరు నలభై ఐదు. తను మూడు నిమిషాలకు పైగా ఊరికే లెక్కపెట్టింది.

షాక్ పెట్టె వచ్చింది. తూవి అతని ఛాతీ తుడిచి, పెట్టెలోని బిళ్ళలు సరైన చోట అతికించింది. ఆ పని బాగా చేసింది. పెట్టె ఒకసారి షాక్ ఇచ్చింది, యొన్నా మళ్ళీ నొక్కింది, అంబులెన్సు వాళ్ళు వచ్చి చూసి, మెడ దగ్గర నాడి సన్నగా కొట్టుకుంటోందన్నారు. ఆర్నెని తీసుకెళ్ళిపోయారు. నీలం బెల్టు గట్టు మీద ఉండిపోయింది. తూవి దాన్ని కడిగి, అతని కొక్కేనికి తగిలించింది.

మంగళవారం మధ్యాహ్నం రెయినో వచ్చాడు. అగ్నిమాపక కేంద్రంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో సీపీఆర్ శిక్షణ ఇస్తాడు. కల్లియోసాల్మి లైఫ్‌గార్డులకు ఏటా నవంబరులో పరీక్ష పెట్టి సంతకం చేసేది అతనే. తూవి పెళ్ళికి డోలు వాయించింది, ఆమె భర్త పోయినప్పుడు శవపేటిక మోసింది కూడా అతనే. ఒక సంచీలో యాలకుల బన్నులు తెచ్చాడు. సిబ్బంది గదిలో తనే కాఫీ కలిపాడు, ఇద్దరికీ పోశాడు, తలుపు మూశాడు. తలుపు మూసేదాకా తూవికి అనుమానం రాలేదు.

ఆర్నె ఎలా ఉన్నాడని అడిగాడు. స్పృహ రాలేదని చెప్పింది. పట్టణ పాలక సంస్థ నుంచి మనిషి వస్తాడనీ, అది మామూలేననీ, భయపడొద్దనీ అన్నాడు. బన్ను విరిచి సగం ఆమె ముందు పెట్టాడు.

"ఎవరైనా అడిగితే పోయినేడు పరీక్షలో నాలుగు నిమిషాలు నొక్కావు. అంతే" అన్నాడు.

"ఇరవై సెకన్లు" అంది తూవి.

"పత్రంలో నాలుగు నిమిషాలే ఉంది. కింద నీ సంతకం కూడా ఉంది."

ఉంది మరి. పరీక్ష రోజు సాయంత్రం ఆరింటికి సిబ్బందికి సౌనా వంతు, వేడి రాళ్ళ ఆవిరి గదిలో స్నానం. రాళ్ళ పొయ్యి ఐదింటికే వెలిగిస్తారు. ఏడింటికి హాకీ జట్టు వాళ్ళకి ఆ గది ఇచ్చెయ్యాలి. ఈత, మునిగి బొమ్మని తియ్యడం, తాడు విసరడం అన్నీ అయ్యేసరికి ఐదున్నర దాటుతుంది. ఇక మిగిలేది రబ్బరు బొమ్మ ఛాతీ నొక్కడం. ఆ బొమ్మకి కాళ్ళు లేవు, పేరు మాత్రం ఉంది, కల్లె. మనిషికి నాలుగు నిమిషాల చొప్పున తొమ్మిది మంది నొక్కితే సౌనా వంతు గోవిందా. ఆ ఊళ్ళో ఎవరైనా పెళ్ళి ముహూర్తమైనా జరుపుతారు గానీ సౌనా వంతు వదులుకోరు. అందుకని తలా ముప్ఫై నొక్కులు నొక్కి లేచేవాళ్ళు. ఆవిరి గది ముందు బల్ల మీద, సాసేజీలు కాలుతుండగా, రెయినో అందరి పేర్ల ఎదురుగా 4:00 అని వరసగా రాసేవాడు. ఎన్నేళ్ళుగానో ఎవరూ లెక్కపెట్టలేదు.

"నేను నిన్ను అడిగాను రెయినో. మొత్తం చెయ్యనా అని అడిగాను" అంది తూవి.

"ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషికి పరీక్షేమిటి తల్లీ? నీ మీద గౌరవంతోనే కదా వదిలేశాను."

ఆమె కుడి చేతివైపు అతను చూడలేదు. పోయినేడు చూశాడు. అంతకుముందు చలికాలం పార్కింగులో మంచు మీద జారి ఆమె మణికట్టు విరిగింది. పరీక్ష రోజు దానికి పట్టీ ఉంది. ఆ పట్టీ విప్పింది రెయినోనే. వేడి తగిలితే అదే సర్దుకుంటుంది, పోయి పొయ్యి సంగతి చూడు అన్నాడు. ఆ మాట ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. అతని మీదే కాదు, తన మీద కూడా.

రెయినో కాఫీ కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. బన్ను ముక్క బల్ల మీద ఉండిపోయింది.

బుధవారం టోర్వినెన్ వచ్చాడు. క్రీడా విభాగం అధికారి, సన్నగా, మర్యాదగా ఉంటాడు, ప్రతి మాట తర్వాత చిన్నగా క్షమాపణ అడుగుతున్నట్టు తల వంచుతాడు. మూడే ప్రశ్నలు అడిగాడు. డ్యూటీలో ఎవరున్నారు, షాక్ పెట్టె పనిచేసిందా, సర్టిఫికెట్టు చెల్లుతోందా. తూవి మెడలోని కార్డు తీసి ఇచ్చింది. అతను తేదీ చూసి, నెలాఖరు దాకా ఉందని, హమ్మయ్య అనుకున్నాడు. ఆ నిట్టూర్పు బయటికే వినిపించింది.

"నేను సరిగ్గా నొక్కలేకపోయాను" అంది తూవి.

టోర్వినెన్ కలం ఆపాడు. అలాంటి సమయంలో అందరికీ అలాగే అనిపిస్తుందని మెల్లగా చెప్పాడు. కావాలంటే మనసు కుదుటపడటానికి మాట్లాడే మనిషిని పంపిస్తామన్నాడు. తర్వాత అదే మెత్తని గొంతుతో అసలు విషయానికి వచ్చాడు.

"ఇది ఫీలింగుల రిపోర్టు కాదండీ. చట్టం అడిగేది ఒక్కటే. శిక్షణ ఉన్న మనిషి అక్కడ ఉందా, లేదా. ఉంది. కార్డు ఉంది. ఇక మీ మీదికి గానీ పట్టణం మీదికి గానీ ఏమీ రాదు."

శిక్షకుడి వాంగ్మూలం కూడా వచ్చిందంటూ ఒక కాగితం ఆమె వైపు తిప్పాడు. రెయినో చేతిరాత. ఆమెకు బాగా తెలిసిన రాత, ఏటా క్రిస్మస్ కార్డు మీద చూసేదే. తూవిని నాలుగు నిమిషాలూ తనే స్వయంగా పరీక్షించానని రాశాడు. లోతు, వేగం రెండూ సరిపోయాయని రాశాడు. ఆ కింద ఇంకో వాక్యం ఉంది. చేతికి దెబ్బ తగిలిన సంగతి ఆమె తనకు ఏనాడూ చెప్పలేదు.

తూవి ఆ వాక్యం రెండుసార్లు చదివింది. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు రాసిపెట్టాడు. సోమవారం కొలను దగ్గర ఉన్నవాళ్ళలో ఎవరైనా నోరు విప్పితే, దాచింది తూవి అని తేలడానికి. పత్రంలోని నాలుగు నిమిషాలతో ఆమెను కాపాడాడు, ఈ వాక్యంతో ఆమెను ముందుకు తోశాడు, రెండూ ఒకే కాగితం మీద. నలభై ఏళ్ళ స్నేహితుడు ఇంత జాగ్రత్తపరుడని ఆమెకు తెలియదు.

"ఇక్కడ సంతకం పెడితే అయిపోతుంది" అన్నాడు టోర్వినెన్.

శుక్రవారం పెడతానంది. శుక్రవారం ఎలాగూ ఈ ఏడు పరీక్ష ఉందని, అప్పుడు అన్నీ కలిపి ఇస్తానని చెప్పింది. అతనికి అది నచ్చింది. అన్ని కాగితాలూ ఒకేసారి అందడం కంటే అధికారికి సుఖం ఏముంటుంది.

సాయంత్రం యొన్నా ఈతకు వచ్చింది. టికెట్ల కిటికీ దగ్గర తూవి ఒక్కతే ఉంది. ఇద్దరి మధ్యా అద్దం. యొన్నా కార్డు గీసి, వెళ్ళబోయి ఆగింది. ఆస్పత్రి నుంచి ఏమైనా తెలిసిందా అని అడిగింది. తెలియలేదని చెప్పాక, ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంత బాగా అని తూవి అడిగింది.

"మా డిపోలో ఒక లావుపాటావిడ నేర్పుతుంది. మహా చండశాసనురాలు. బొమ్మ మీద, లోతుగా నొక్కితేనే వెలిగే పచ్చ దీపం ఆరితే చాలు, మళ్ళీ మొదటి నుంచి. నన్ను మొదటిసారి ఫెయిల్ చేసింది. అందరి ముందూ. రెండు నెలలు ఆవిడ మొహం చూడలేదు నేను."

"మళ్ళీ వెళ్ళావా?"

"వెళ్ళకపోతే బస్సు ఇవ్వరుగా" అంది యొన్నా. కాస్త ఆగి, తల వంచుకుని, "ఆ రోజు నేను వేణ్ణీళ్ళలో రెండు నిమిషాలు ఎక్కువసేపు నిలబడ్డాను. ఈల వినిపించింది. పిల్లలకోసం ఊదారేమో అనుకున్నాను" అంది.

ఆ రెండు నిమిషాల బరువు ఆ అమ్మాయి మోస్తోంది. తను ఆ బరువు దింపగలదు, ఒక్క మాటతో. తూవి నోరు తెరిచింది. వెనక ఎవరో టికెట్టు అడిగారు. యొన్నా లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం తెల్లవారుజామున ఆర్నె పోయాడు.

మధ్యాహ్నం అతని భార్య కెర్తు వచ్చింది. నల్ల కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, చేతిలో అతని లాకరు తాళం పట్టుకుని. ఆవిడ ఎప్పుడూ ఈతకు వచ్చిన మనిషి కాదు, ఏది ఎటో తెలియదు. తూవి వెంట తీసుకెళ్ళింది. లాకర్లో ఒక సబ్బుపెట్టె, దువ్వెన, రబ్బరు చెప్పులు ఉన్నాయి. కెర్తు ఒక్కొక్కటే తీసి, తడి లేదని వేళ్ళతో చూసుకుని, గుడ్డ సంచీలో పెట్టుకుంది. కొక్కేనికి ఉన్న నీలం బెల్టు తూవి తీసి ఇచ్చింది. కెర్తు దాని పట్టీ బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించింది.

"డాక్టరు చెప్పాడు" అంది కెర్తు. "అక్కడికక్కడే శిక్షణ ఉన్న మనిషి చెయ్యి వేసిందట. అంతకంటే ఎవరూ చెయ్యగలిగింది లేదట. అది నువ్వేనని సిర్కు చెప్పింది."

తూవి కిందికి చూసింది.

"ఆయనకి జరగాల్సింది జరిగిందని తెలిస్తే చాలు నాకు. ఇంకేం అక్కర్లేదు" అంది కెర్తు. తన చేతిని తూవి కుడిచేతి మీద వేసి నొక్కింది. సరిగ్గా మణికట్టు దగ్గర. నొప్పికి తూవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కెర్తు వాటిని తన భర్త కోసం అనుకుంది.

ఆవిడ వెళ్ళాక తూవి ఆ బెంచీ మీదే కూర్చుండిపోయింది. నిజం చెప్తే ఆ ముసలావిడకి మిగిలిన ఒక్క ఊరట పోతుంది. చెప్పకపోతే అందరూ సుఖంగా ఉంటారు, టోర్వినెన్, రెయినో, కెర్తు, తను. వచ్చే సోమవారం ఆరింటికి తలుపు తీస్తుంది, బయట వరుస ఉంటుంది, మెడలో కొత్త కార్డు ఉంటుంది. ఆ వరుసలో ప్రతి ఒక్కరూ ఆ కార్డు చూసే నీళ్ళలోకి దిగుతారు. ఆర్నె కూడా అలాగే దిగాడు. తనను రెయినో మోసం చేశాడు, నిజమే. ఆర్నెను మోసం చేసింది ఎవరు?

శుక్రవారం ఐదున్నరకి తొమ్మిది మందీ వ్యాయామం గదిలో చేరారు. ఈత అయింది, మునకలు అయ్యాయి. తడి జుట్లు, మెడ చుట్టూ తువ్వాళ్ళు. పక్క గదిలో పొయ్యి వేడెక్కుతున్న వాసన, ఎవరో తెచ్చిన సాసేజీల వాసన. ఆర్నె కోసం ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు. రెయినో కల్లెను పెట్టెలోంచి తీసి నేల మీద పడుకోబెట్టాడు. అతని గొంతు ఎప్పటిలాగే ఉంది.

"సరే, తలా ముప్ఫై కానిచ్చేద్దాం. ముందు ఎవరు?"

తూవి ముందుకొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుంది. జేబులోంచి మణికట్టు పట్టీ తీసి అందరికీ కనిపించేలా కట్టుకుంది. "గడియారం పెట్టు. నాలుగు నిమిషాలు" అంది.

రెయినో నవ్వబోయాడు. సౌనా చల్లారిపోతుందన్నాడు. సిర్కు తన ఫోనులో గడియారం పెట్టింది.

తూవి నొక్కడం మొదలుపెట్టింది. కల్లె భుజం దగ్గర పచ్చ దీపం వెలిగింది. ముప్ఫై, రెండు ఊపిరులు. ముప్ఫై, రెండు ఊపిరులు. నిమిషం దాటేసరికి ముఖం కందిపోయింది. దీపం మిణుకుమంది. ఆమె పళ్ళు బిగించి, భుజాలు ముందుకు వేసి, మళ్ళీ వెలిగించింది. నిమిషం ఇరవైకి ఆరిపోయింది. తర్వాత ఎంత నొక్కినా వెలగలేదు. ఆమె ఆపలేదు. ఆరిన దీపం మీదే నాలుగు నిమిషాలూ నిండేదాకా, సోమవారం చేసినట్టే, పైకి లెక్కపెడుతూ నొక్కింది. చూస్తున్నవాళ్ళకి అర్థమయింది. సిర్కు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"సోమవారం ఇలాగే నొక్కాను" అంది తూవి, రొప్పుతూ. "రాయి రెయినో. ఒక నిమిషం ఇరవై. ఫెయిల్."

"పిచ్చిదానివా? ఉద్యోగం పోతుంది నీకు."

"నా చేతికి పట్టీ విప్పింది నువ్వు. నీకు చెప్పలేదని రాశావు."

రెయినో మెడ ఎర్రబడింది. అతను పత్రం వైపు చూశాడు, కలం వైపు చూశాడు. తూవి లేచి, అతని చేతిలోంచి కలం తీసుకుని, తన పేరు ఎదురుగా 1:20 అని తనే రాసి, సంతకం పెట్టింది. అక్షరాలు వంకరపోయాయి. కలం తిరిగి ఇస్తూ ఒక మాట అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"నిన్ను ఎవరు పరీక్షించారు రెయినో? చివరిసారి?"

రెయినో తలుపు వైపు తిరిగాడు. వెళ్ళిపోతాడనే అందరూ అనుకున్నారు. తర్వాత స్వెటరు తీసి కుర్చీకి వేశాడు. అరవై ఆరేళ్ళ మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నేలకు ఆనించాడు. సిర్కు గడియారం మళ్ళీ మొదటికి తిప్పింది. అతని చేతులు చక్కగా, నిటారుగా, పుస్తకంలో బొమ్మలాగా ఉన్నాయి. పచ్చ దీపం రెండు నిమిషాల పది సెకన్లు వెలిగి ఆరిపోయింది. ఆరాక ఇంకో రెండుసార్లు నొక్కి, చేతులు తీసి తొడల మీద పెట్టుకున్నాడు. ముఖం పైకెత్తలేదు.

ఆ ముఖం చూస్తే తనకు సంతోషం కలుగుతుందని తూవి రెండు రోజులుగా అనుకుంటోంది. కలగలేదు. జాలి కూడా కలగలేదు. క్రిస్మస్ కార్డు ఇక రాదన్న ఆలోచన ఒకటి వచ్చింది, అంతే.

రెయినో కూర్చున్నచోటే పత్రం తొడ మీద పెట్టుకుని, అన్నిటికంటే కింద, ఎవరి పేరూ లేని గీత మీద తన పేరు రాసుకుని, ఎదురుగా 2:10 అని రాశాడు. సిర్కు వెళ్ళి పొయ్యి ఆర్పేసి వచ్చింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి కల్లె పక్కన కూర్చున్నారు. నాలుగు నిమిషాలు నిండా చేసినవాళ్ళు ముగ్గురే. తూవి చేతులు పనికిరాకపోయినా గొంతు బాగానే ఉంది. చివరిదాకా అందరికీ లెక్క ఆమే చెప్పింది. ఏడింటికి హాకీ జట్టు వచ్చి, చల్లారిన రాళ్ళు చూసి గొణుక్కుంటూ పోయింది.

శనివారం పొద్దున్న ఆరింటికి ఈత కేంద్రం తలుపు సిర్కు తెరిచింది. పరీక్ష పూర్తిచేసిన ముగ్గురిలో ఆమె ఒకతె. తూవి ఆ వేళకి వీధి అవతలి పక్కన నడుస్తోంది. మెడలో ఈల లేదు. కార్డూ, టోర్వినెన్ కాగితం సంతకం లేకుండా, వెనక జరిగింది మూడు వాక్యాల్లో రాసి, నిన్న సాయంత్రమే అతని తపాలా పెట్టెలో వేసింది. వరుసలో మొదటి చోటు ఖాళీగా ఉంది. రెండో మనిషి అక్కడికి జరగకుండా, ఉన్నచోటే నిలబడ్డాడు.

తొమ్మిదింటికి తూవి వెళ్ళి కెర్తు ఇంటి గంట కొట్టింది. అంతకుముందే యొన్నాకి ఫోన్ చేసింది. నీ రెండు నిమిషాలు కాదమ్మా, నావి మూడు అని చెప్పింది. అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం. అది తేలిక. ఇది కాదు.

కెర్తు తలుపు తీసి, లోపలికి రమ్మని, ముందుగా కాఫీ పెట్టింది. ఆ ఊళ్ళో ఎవరొచ్చినా ముందు కాఫీ. అప్పులవాడొచ్చినా, దేవుడి మాట చెప్పడానికి ఎవరొచ్చినా కాఫీ పోశాకే సంగతి. బల్ల మీద గులాబీ అంచు కప్పులు రెండు పెట్టింది. నీలం బెల్టు కిటికీ పక్కన కుర్చీకి వేలాడుతోంది.

తూవి కూర్చోలేదు.

"డాక్టరు మీకు చెప్పింది నిజం కాదు. మూడు నిమిషాలకు పైగా నా చేతులు లోపలికి దిగలేదు. నాకు చేతకాదని నాకు తెలుసు. అయినా ఎవరినీ పిలవలేదు. కార్డు మాత్రం ఉంది."

కెర్తు కాఫీ గిన్నె చేత్తో పట్టుకునే విన్నది. ఒక కప్పు నింపింది. రెండో కప్పు చేతిలోకి తీసుకుంది, దానివైపు కాసేపు చూసింది, మెల్లగా వెళ్ళి అలమరలో పెట్టేసి తలుపు మూసింది.

తూవి వెళ్ళిపోవడానికి కోటు సర్దుకుంది.

"ఎక్కడికి?" అంది కెర్తు. ఆవిడ గొంతులో ఏమీ లేదు, కోపమైనా లేదు. కుర్చీ లాగింది. తన కప్పు ముట్టుకోకుండా బల్లకి అవతల కూర్చుంది. "కూర్చో. సోమవారం ఆయన మీ తలుపు దగ్గరికి వచ్చినప్పటి నుంచి చెప్పు. ఏదీ వదలొద్దు."

తూవి కూర్చుంది. ఆర్నె గడియారంతో మొదలుపెట్టింది.